చెవికి నచ్చింది కొనాలా, ఇంటికి నప్పింది కొనాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. హైస్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు వాయించే తీరిక లేదు కానీ వినడం మానలేదు. మా నాన్నగారి రికార్డు ప్లేయరు, రెండు ట్రంకుపెట్టెల ఎల్పీలు నా దగ్గరే ఉన్నాయి. కిందటేడు కొత్త ఇల్లు కట్టుకున్నాం. స్లాబు ఇల్లు, నున్నటి టైల్స్, హాలుకి పెద్ద పెద్ద అద్దాల కిటికీలు. మా అబ్బాయి ఒక జత స్పీకర్లు కొనిచ్చాడు. వెనక 86 డీబీ, 6 ఓమ్స్ అని రాసి ఉంది. ఇక వాటిని మోగించే యాంప్లిఫైయర్ (యాంప్) కొనాలి. అరవై వేల దాకా పెట్టగలను.

రాజమండ్రిలో మా స్నేహితురాలి భర్త తన వాల్వ్ (పాతకాలం గాజు గొట్టాల) యాంప్ అమ్ముతానంటున్నారు. వాళ్ళది పాత పెంకుటిల్లు, ఆ గదంతా పుస్తకాలే. అక్కడ వీణ విన్నాక ఇంక ఏదీ ఆనడం లేదు. భీమవరం షోరూములో సినిమాల కోసం చుట్టూ స్పీకర్లు మోగించే ఏడు చానళ్ళ ఏవీ రిసీవరు చూపించారు. మా అబ్బాయేమో అరచేతిలో పట్టే క్లాస్ డి యాంప్ చాలంటాడు, అది పది వేలు కూడా లేదు. మా వారికి టీవీ రిమోటుతోనే సౌండు పెరగాలి. మామయ్యగారికి తెల్లవారగానే భక్తి పాటలు రావాలి, ఆయన ఒక్క బటన్ అయితే నొక్కగలరు. శబ్దం కోసం సౌకర్యం వదులుకోవాలా, సౌకర్యం కోసం శబ్దం వదులుకోవాలా?

— ఒక పాఠకురాలు, కోనసీమ జిల్లా

సమాధానం:

టీచరు గారూ,

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. వాల్వ్ యాంప్ కొనకండి. ఏడు చానళ్ళ రిసీవరు మీ ఇంటికి అక్కర్లేదు. మీ అబ్బాయి మాట సగం సరైంది. క్లాస్ డి యాంపే (స్విచ్చులా చకచకా ఆన్ ఆఫ్ అవుతూ నడిచే రకం, వేడి తక్కువ) తీసుకోండి, కానీ అతను చెప్పిన ఉత్త డబ్బా కాదు. టీవీకి హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ శబ్దం యాంపుకి వచ్చి, టీవీ రిమోటుతోనే సౌండు పెరిగే పోర్టు), పాటలకు వైఫై ఉండి, ఒక్కో చానల్‌కు 8 ఓమ్స్ (స్పీకరు కరెంటును అడ్డుకునే కొలత) మీద నిజమైన యాభై అరవై వాట్లు ఇచ్చేది చూడండి. అలాంటిది మీ అరవై వేలల్లో సగానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. మిగతా డబ్బు మాత్రం ఇంట్లో వాళ్ళకు ఇచ్చేయకండి. మీరు వెతుకుతున్న ఆ వీణ శబ్దం ఆ మిగతా డబ్బులోనే ఉంది.

శబ్దమా, సౌకర్యమా అని మీరు తూకం వేస్తున్నారు. స్పీకర్ల దగ్గర ఆ తూకం నిజమే, యాంప్ దగ్గర అంత ఉండదు. 1987 జనవరిలో అమెరికాలో ‘స్టీరియో రివ్యూ’ పత్రిక ఒక పరీక్ష అచ్చేసింది. 220 డాలర్ల రిసీవరు మొదలుకొని 12 వేల డాలర్ల వాల్వ్ యాంప్ దాకా ఆరింటిని తెచ్చి, సౌండు సమానంగా పెట్టి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. విన్నవాళ్ళలో యాంపుకీ యాంపుకీ తేడా ఉంటుందని గట్టిగా నమ్మేవాళ్ళూ ఉన్నారు. లెక్క తీస్తే, బొమ్మా బొరుసూ వేసి చెప్పినా దాదాపు అన్నే మార్కులు వచ్చేవని తేలింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో చవక యాంపులు ఇంకా మెరుగయ్యాయి తప్ప తగ్గలేదు.

అలాగని యాంపులన్నీ ఒకటే అనను. శక్తి చాలక నోరు పగిలినట్టు మోగే యాంప్ ఎవరి చెవికైనా తెలుస్తుంది. పాట లేనప్పుడు ‘జుయ్’మంటూ హమ్మింగ్ వచ్చేదీ తెలుస్తుంది. వాల్వ్ యాంప్ శబ్దం వేరుగా ఉండడం కూడా భ్రమ కాదండి. చాలా వాల్వ్ యాంపుల్లో ఔట్‌పుట్ ఇంపిడెన్సు (యాంప్ లోపలి అడ్డు) ఎక్కువ. అందువల్ల స్పీకరు గుణాన్ని బట్టి కొన్ని స్వరాలు కొంచెం లేస్తాయి, కొన్ని అణుగుతాయి. దానికి తోడు అవి కలిపే వక్రీకరణలో (డిస్టార్షన్) ఎక్కువ భాగం అసలు స్వరానికి పై స్థాయిలో పడుతుంది. షడ్జానికి పై షడ్జం తోడైనట్టు అన్నమాట. వీణ విద్యార్థికి అది కమ్మగా వినిపించడంలో ఆశ్చర్యమేముంది! కానీ అది రికార్డులో ఉన్న కమ్మదనం కాదు, యాంప్ కలిపింది.

రాజమండ్రిలో మీరు విన్నదాంట్లో యాంప్ వాటా ఎంత? నన్నడిగితే తక్కువే. పెంకుటింటి కప్పు ఏటవాలుగా ఉంటుంది, శబ్దం నేరుగా తిరిగి కిందికి రాదు. గోడల నిండా పుస్తకాలు, అవి శబ్దాన్ని కొంత పీల్చి కొంత చెదరగొడతాయి. స్పీకర్లు ఆయన ఏళ్ళ తరబడి అటూ ఇటూ జరిపి కుదుర్చుకున్నవి అయుంటాయి. ఆ యాంప్ తెచ్చి మీ హాల్లో పెడితే ఆ వీణ వస్తుందని నేను హామీ ఇవ్వలేను. అమ్మేవాళ్ళ ఇంట్లో, అమ్మేవాళ్ళ స్పీకర్ల మీద విని యాంప్ కొనకూడదు.

పైగా మీ స్పీకర్లకు అది సరిపడే జోడీ కాదు. 86 డీబీ అంటే ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో వచ్చే మోత. మీరు సోఫాలో మూడు మీటర్ల దూరాన కూర్చుంటారనుకుందాం. దూరం వల్ల కొంత తగ్గి, రెండు స్పీకర్లు కలవడం వల్ల కొంత పెరిగి, ఒక్కో వాట్‌కు మీ చెవి దగ్గర సుమారు 80 డీబీ వస్తుంది. మనం మామూలుగా మాట్లాడుకునేది 60 దగ్గర. అంటే చాలాసేపు మీరు వినేది ఒక్క వాట్ లోపే! మరి యాభై వాట్లు ఎందుకంటే, మృదంగం మీద దెబ్బ పడ్డ క్షణంలోనో, నాదస్వరం ఒక్కసారి లేచినప్పుడో పది పదిహేను డెసిబెల్స్ పైకి పోతుంది. ప్రతి 10 డెసిబెల్స్‌కు పది రెట్లు శక్తి కావాలి. ఒక వాట్ మీద నడుస్తున్న పాట 15 డెసిబెల్స్ ఎగిరితే ముప్పై వాట్లు దాటుతుంది. వాల్వ్ యాంపుల్లో ఈఎల్34 గొట్టం చానల్‌కు ఒక్కటి ఉన్నదైతే వచ్చేది పది వాట్ల లోపు. రెండేసి ఉన్నదైతే ముప్పై, నలభై వస్తాయి. ఆయన దగ్గరున్నది ఏదో మీరు రాయలేదు. మొదటి రకమైతే మీ స్పీకర్ల మీద మృదంగం దగ్గరే చతికిలబడుతుంది.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. అరవై వాట్ల యాంపుకీ ఎనభై వాట్ల దానికీ మధ్య తేడా డెసిబెల్ కన్నా కాస్త ఎక్కువ, అంతే. షోరూములో ఆ ఇరవై వాట్లకు ఐదు వేలు ఎక్కువ చెబితే నవ్వి ఊరుకోండి.

వాల్వులతో రోజువారీ కాపురం సంగతి కూడా చెప్పాలి. ఆ గొట్టాలు రెండు వేల నుంచి ఐదు వేల గంటలు పనిచేస్తాయి. మీరొక్కరే సాయంత్రం గంటసేపు వింటే ఏళ్ళు వస్తాయి. కానీ మీ ఇంట్లో పొద్దున భక్తి పాటలు, రాత్రి సీరియళ్ళు, ఆదివారం క్రికెట్టు. ఏడాదికో రెండేళ్ళకో మార్చాల్సిందే. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు తయారుచేసేది. ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి తెప్పించుకోవాలి. మార్చాక బయాస్ (గొట్టంలో పారే కరెంటు మోతాదు) సరిచేయడం తెలిసిన మనిషి కావాలి. లోపల నాలుగొందల వోల్టుల దాకా ఉంటుంది, ఆపేశాక కూడా కెపాసిటర్లలో నిలవుంటుంది. పాట ఉన్నా లేకపోయినా నూట యాభై, రెండొందల వాట్లు లాగుతూనే ఉంటుంది. అయిదు గంటలు వేసి ఉంచితే రోజుకో యూనిట్. ఆ వాట్లన్నీ వేడిగా మీ హాల్లోకే వస్తాయి. మే నెలలో ఉక్కపోతకి మనమే ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే పక్కన ఈ కుంపటి ఒకటా? వానాకాలం రాత్రి దీపపు పురుగులు ఆ వెలుగు చుట్టూ ముసురుకోవడం వేరే ముచ్చట. ఇంట్లో ఒక్కరే ఉండి, వాల్వులంటే ప్రాణం పెట్టి, వేరే టీవీ సౌండు ఉన్నవాళ్ళు కొనుక్కుంటే నేను కాదనను.

ఏవీ రిసీవరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీ దగ్గరున్నది రెండు స్పీకర్లు, ఏడు చానళ్ళకు డబ్బు ఎందుకు? దాని మీద రాసే వాట్లు కూడా చాలాసార్లు ఒకటి రెండు చానళ్ళు మోగించి, 6 ఓమ్స్ మీద, వక్రీకరణ ఎక్కువ ఉండనిచ్చి కొలిచినవి. సినిమాల కోసం చుట్టూ స్పీకర్లు పెట్టుకునే ఇంటికి అది సరైన వస్తువు. మీ ఇంట్లో మామయ్యగారు ఆ రిమోటు మీదున్న బటన్లు చూస్తే పాటలే వద్దంటారు.

ఇక మీ అబ్బాయి చెప్పిన చిన్న యాంప్. దాన్ని తీసిపారేయడం తప్పు. అలాంటి డబ్బాల్లో చాలావాటిలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ టీపీఏ3255 అనే చిప్పు ఉంటుంది. మంచి చిప్పు. కానీ అట్ట మీద 300 + 300 వాట్లు అని అచ్చేస్తారు. ఆ అంకె చిప్పు కాగితాల్లోది, 4 ఓమ్స్ మీద, 10 శాతం వక్రీకరణతో. వీణ గమకంలో పది శాతం వక్రీకరణ అంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! దాంతో ఇచ్చే అడాప్టరు చూడండి. 32 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉంటే గుణించండి. 160 వాట్లు. అడాప్టరు ఇచ్చేదే 160 అయితే స్పీకర్లకు ఆరొందలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇది మీ ఎనిమిదో తరగతి పిల్లలు కూడా పట్టేసే లెక్క.

అంకె అబద్ధమైనా ఆ చిన్న డబ్బా మీ హాలుకి చాలినంత సౌండు ఇస్తుంది. నేను వద్దనేది అందుకు కాదు. దానికి టీవీ తగిలించే సరైన దారి లేదు, మామయ్యగారికి బటన్ లేదు. చవక క్లాస్ డి యాంపుల్లో ఇంకో చిన్న లోపం కూడా ఉంటుంది. చివరన ఉండే ఫిల్టరు స్పీకరు ఓమ్స్‌ని బట్టి తన గుణం మార్చుకుంటుంది. కొన్ని స్పీకర్లతో పై స్వరాలు గీరినట్టు, కొన్నింటితో మూగబోయినట్టు అవుతాయి. ఫిల్టరు తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చేది చూసుకుని తప్పు దిద్దుకునే ఏర్పాటు) తీసుకునే డిజైన్లలో ఈ బెడద ఉండదు. కొనేముందు ఆ ఒక్క ముక్క అబ్బాయిని కనుక్కోమనండి, అతనికి తెలుస్తుంది.

మన ప్రాంతంలో యాంప్ ఎంపికను తేల్చేది పత్రికల్లో రాసే శబ్ద గుణాల కన్నా కరెంటూ, తేమా, బల్లీ. ఈ మూడూ హైదరాబాదులో కూర్చుని సమీక్షలు రాసేవాళ్ళకు పట్టవు.

కరెంటు సంగతి చూడండి. కోనసీమలో లైను కింద కొబ్బరిచెట్టు లేని వీధి ఎక్కడుంది? గాలొస్తే మట్ట పడుతుంది, మట్ట పడితే తీగ తెగుతుంది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తెగింది ఫేజు అయితే ఇల్లు చీకటి, ఇంట్లో సామాన్లకు ఏం కాదు. తెగింది న్యూట్రల్ అయితే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. అప్పుడు ఫ్రిజ్జు, టీవీ, యాంప్ ఒకేసారి పోతాయి. మామూలు స్టెబిలైజరు దీన్ని ఆపలేదు. వోల్టేజి హద్దు దాటగానే లైను కట్ చేసే ప్రొటెక్టరు మెయిన్ దగ్గర పెట్టించండి. ఇంటి మొత్తానికి పనికొస్తుంది కాబట్టి ఆ ఖర్చు మీ వారి ఖాతాలో రాయొచ్చు. ఎర్తింగ్ మీకు తేలిక. మన నేలలో నాలుగడుగులు తవ్వితే తడే. అయినా కొత్త ఇళ్ళలో చాలామంది మేస్త్రీ మాట విని మూడో పిన్ను ఉత్తుత్తిగా వదిలేస్తారు. ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చెక్ చేయించండి.

లో వోల్టేజి దగ్గర క్లాస్ డి యాంపులకు ఒక లాభం ఉంది. వాటిలో చాలావాటికి 100–240 వోల్టులు అని వెనక రాసి ఉంటుంది. వేసవి సాయంత్రం అన్ని ఏసీలూ మోటార్లూ వేసి లైను 180కి పడిపోయినా అవి తడబడవు. బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉన్న యాంపులకు ఆ వోల్టేజి దగ్గర బలం తగ్గుతుంది. ఇన్వర్టరు మీద నడపాలంటే అది ప్యూర్ సైన్ వేవ్‌ది అయుండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద ట్రాన్స్‌ఫార్మర్లు గుర్రుమంటాయి, ఆ గుర్రు స్పీకర్లలోకీ వస్తుంది.

ఉరుములప్పుడు ప్లగ్గు తీసేయడం అందరికీ తెలుసు. డిష్ కేబులు తీయాలని చాలామందికి తోచదు. మెరుపు దెబ్బ ఆ వైరు గుండా సెట్‌టాప్ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ వైరు మీదుగా టీవీకీ యాంపుకీ నడుస్తుంది. ఆర్క్ ఉన్న యాంపుల్లో ముందు పోయేది సాధారణంగా ఆ హెచ్‌డీఎంఐ పోర్టే.

తర్వాత తేమ. రాజోలుకి అటు వశిష్ఠ, ఇటు వైనతేయ గోదావరి పాయలు, కింద సముద్రం. ఉప్పుగాలి లోపల కాంటాక్టులను తినేస్తుంది. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమనడం, ఒకవైపు స్పీకరు ఉండుండి ఆగిపోవడం దాని పనే. మందు చాలా తేలిక: వానాకాలంలో యాంపును రోజూ కాసేపు వేసి ఉంచడం. మామయ్యగారి భక్తి పాటలు ఆ పని చేసిపెడతాయి. అద్దాల షోకేసులో బిగించి మూయకండి. పైన నర్సాపురం లేసు గుడ్డ కప్పడం అందమే, కానీ వేసి ఉన్నప్పుడు తీసేయండి. లోపలి కెపాసిటర్లకు వేడి శత్రువు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగం అవుతుందని లెక్క.

బల్లి విషయం నవ్వులాట కాదు. వెచ్చగా ఉంటుందని గాలి సందుల్లోంచి దూరి, రెండు కాళ్ళు రెండు చోట్ల పెడుతుంది. బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. వారంటీలో దీన్ని లెక్కేయరు. పెద్ద యాంపులకు పైన వెడల్పాటి సందులుంటాయి. చిన్న క్లాస్ డి యాంపులకు వేడి తక్కువ కాబట్టి సందులూ తక్కువే. కొనేటప్పుడు ఆ సందుల వెడల్పు కంటితో చూడండి.

క్లాస్ డి మీద నాకున్న అభ్యంతరం ఒకటుంది, దాచను. పాత పద్ధతి క్లాస్ ఏబీ యాంప్ పాడైతే అనుభవమున్న రేడియో మెకానిక్ ట్రాన్సిస్టర్లు మార్చి నిలబెడతాడు. క్లాస్ డి బోర్డు మీద భాగాలు ఆవగింజలంత. పోతే బోర్డు మార్చడమే, బోర్డు దొరక్కపోతే యాంప్ మార్చడమే. అందుకని ఇండియా వారంటీ, బిల్లు ఉన్నదే తీసుకోండి. సర్వీసు రాజమండ్రిలోనా, విజయవాడలోనా, కొరియర్ చేయాలా అని ముందే అడగండి. అట్టపెట్టె, థర్మాకోల్ పారేయకుండా అటక మీద పెట్టండి. మీ వారి రిమోటు షరతు లేకపోయుంటే నేను క్లాస్ ఏబీయే చెప్పేవాణ్ణి. యమహా ఏ-ఎస్301 లాంటి దాంట్లో అరవై అరవై వాట్లు, రికార్డు ప్లేయరుకు ఫోనో, టీవీకి ఆప్టికల్ అన్నీ ఉంటాయి. కానీ ఆప్టికల్ వైరు మీద టీవీ రిమోటుతో సౌండు పెరగదు, యాంప్ రిమోటు వేరే పట్టుకోవాలి. మీ వారు దానికి ఒప్పుకుంటే ఇప్పటికైనా మించిపోలేదు. ఒప్పుకోకపోతే పోట్లాడకండి. ఇంట్లో సగం మంది తాకడానికి భయపడే యాంప్ మీద మీరే విసుక్కుంటారు, ‘దీన్ని ఎలా వేయాలి’ అని స్కూలుకి ఫోన్లు వస్తాయి.

ఆర్క్ కలిపేటప్పుడు టీవీలో కూడా ఆర్క్ అని రాసున్న పోర్టుకే వైరు పెట్టాలి. సెట్టింగుల్లో సీఈసీ (టీవీ రిమోటు మాట యాంప్ వినే ఏర్పాటు) ఆన్ చేయాలి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది, వెతుక్కోవాలి. ఆడియో ఔట్‌పుట్‌ను పీసీఎం (ఏ యాంపుకైనా అర్థమయ్యే మామూలు రకం) అని మార్చాలి. లేకపోతే కొన్ని చానళ్ళు, ఓటీటీ సినిమాలు శబ్దమే లేకుండా వస్తాయి, మీ వారు యాంప్ చెడిందని కంగారుపడతారు. మామయ్యగారికి రిమోటు మీద ప్రీసెట్ బటన్లున్న మోడల్ తీసుకుని, ఒకటో నంబరుకు ఆయన పాటలు కట్టేయండి. నెట్ పోయిన రోజు కోసం అవే పాటలు పెన్‌డ్రైవులో కూడా ఎక్కించి వెనక గుచ్చి ఉంచండి. యూఎస్‌బీ పోర్టు ఉందో లేదో కొనేముందు చూసుకోవాలి. ఇంకొకటి: కరెంటు పోయి వచ్చాక ఆ యాంప్ పాత సౌండు దగ్గరే లేస్తుందో, దానంతటదే మోగడం మొదలెడుతుందో కొట్లో ప్లగ్గు పీకి చూడండి. అర్ధరాత్రి కరెంటు వచ్చి ఇల్లంతా లేవడం ఎవరికీ సరదా కాదు.

ఇప్పుడు మిగిలిన డబ్బు. మొదటి ఖర్చు సూది. మీ నాన్నగారి రికార్డు ప్లేయరు సూది ఎప్పుడు మార్చారో మీకు తెలియకపోతే మార్చాల్సిందే. అరిగిన సూది శబ్దం పాడుచేయడంతో ఆగదు, రికార్డు గాడిని కూడా చెక్కేస్తుంది. ఆ గాడి మళ్ళీ రాదు. ఏ యాంపూ ఈ నష్టాన్ని పూడ్చలేదు. మీ ట్రంకుపెట్టెల్లో బరువుగా, పెళుసుగా ఉండే 78 స్పీడు రికార్డులు కలిసి ఉంటే వాటిని వేరు చేయండి. వాటి సూది మొన ఎల్పీ సూది కన్నా మూడు నాలుగు రెట్లు వెడల్పు. ఒకదానితో ఇంకొకటి వేయకూడదు. వానలకి రికార్డుల మీద తెల్లటి బూజు పట్టి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క మెత్తటి సబ్బు వేసి, గాడి వెంబడే తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. స్పిరిటు వాడొద్దు, ముఖ్యంగా 78ల మీద. అవి లక్కతో చేసినవి, స్పిరిటుకి కరుగుతాయి.

రెండోది ఫోనో ప్రీయాంప్. మేగ్నెటిక్ కార్ట్రిడ్జి (సూది బిగించి ఉండే చిన్న ముక్క) నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలు తగ్గించి, తార స్వరాలు పెంచి కోస్తారు. 1950ల నుంచి అందరూ పాటించే ఆర్ఐఏఏ అనే కొలత ఒకటుంది. దాన్ని తిరగేసి సరిచేసే పని ఫోనోది. అది లేకుండా నేరుగా యాంపుకి పెడితే వీణ దోమ పాడినట్టు ఉంటుంది. మీరు చూసే యాంపులో ఫోనో లేకపోతే విడిగా చిన్న డబ్బా దొరుకుతుంది, కొన్ని వేలల్లో అయిపోతుంది. ప్లేయరు నుంచి వచ్చే సన్నటి ఎర్త్ వైరు దాని స్క్రూకి బిగించడం మరిచిపోకండి. హమ్మింగ్ ఫిర్యాదుల్లో చాలా వరకు ఆ వైరు దగ్గరే తీరిపోతాయి.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, మీ హాలు. మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. ‘టంగ్’ మని గోడల మధ్య మోత సాగితే, ఏ యాంప్ పెట్టినా ఆ మోత ప్రతి మీటు వెనకా వస్తుంది. టైల్స్, స్లాబు, అద్దాలు ఉన్న హాలు వీణకు పగ. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రిగారిది ద్రాక్షారామం, ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు కాకినాడలో పుట్టారు. మన గోదావరి వీణల్లో అందమంతా మీటు తర్వాత, తీగ సాగుతూ సన్నగిల్లే ఆ చివరి నాదంలో కదా. మోగే హాల్లో ముందు పోయేది అదే. కిటికీలకు మందపాటి నూలు కర్టెన్లు, కుచ్చులు ఎక్కువ వచ్చేలా కుట్టించండి. స్పీకర్లకీ సోఫాకీ మధ్య తివాచీ వేయండి. తుంగచాప చూడ్డానికి బాగుంటుంది కానీ పల్చన, అది పీల్చేది తక్కువ. ఇష్టమైతే దాని కింద బొంత పరవండి. ఎదురుగోడకి పుస్తకాల బీరువా, అద్దం తలుపులు లేనిది. దాన్ని మీ స్నేహితురాలి ఇంటి నుంచి నేర్చుకోవచ్చు, యాంప్ కన్నా చవక.

స్పీకర్లు షోకేసు అరల్లో దూర్చకండి. గోడకి అడుగున్నర ఇవతల, స్టాండ్ల మీద, పెట్టెలోని చిన్న స్పీకరు మీ చెవి ఎత్తుకి వచ్చేలా, మీరూ రెండు స్పీకర్లూ కలిసి మూడు భుజాలూ సుమారు సమానమైన త్రిభుజంలా ఉండేలా పెట్టండి. టీవీకి ఇరువైపులా ఇలా పెడితే మీ వారికీ మాటలు మధ్యలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. వైర్లు కనబడతాయని ఆయన అంటే గోడ అంచున ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ వేయించండి. వైరు మామూలు మందపాటి రాగిది చాలు. వేలు పోసి అల్లిక వైర్లు కొనమనేవాళ్ళ మాట వినకండి.

ఇవన్నీ చేశాక కూడా రాజమండ్రి యాంప్ మీద మనసు పోకపోతే, కొనకుండా ఒక ఆదివారం అరువు తెచ్చుకోండి. స్పీకర్లు మీవే, హాలు మీదే, రికార్డు అదే ఉండాలి. అబ్బాయి చేత రెండు యాంపుల సౌండూ స్పీకరు వైర్ల దగ్గర మల్టీమీటరుతో కొలిపించి సమానం చేయించండి, చెవి అంచనా పనికిరాదు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్న దాన్ని మన చెవి ‘గట్టిగా ఉంది’ అనదు, ‘బాగుంది’ అంటుంది. షోరూముల వ్యాపారం సగం దీని మీదే నడుస్తుంది. ఏది మోగుతోందో మీకు చెప్పొద్దనండి. పదిసార్లు మార్చితే తొమ్మిదిసార్లు మీరు వాల్వ్‌నే పట్టుకుని, అదే బాగుందంటే, నా సలహా పక్కన పెట్టి ఆ యాంప్ కొనుక్కోండి. టీవీకి మాత్రం దాన్ని కలపకండి.

కొనే ముందు ఇంకొక్క పని. ప్లేయరు చేతి కింద ఉన్న కార్ట్రిడ్జిని టార్చి వేసి చూసి, దాని మీద రాసున్న పేరూ నంబరూ రాసి పంపండి. పాత ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జి ఉండేది. మీదీ అదే అయితే ఫోనో ప్రీయాంపే అక్కర్లేదు, ఆ డబ్బు కర్టెన్లకు వస్తుంది.